బొంబాయి లైనులో వచ్చిన ఇటలీ

మన ఆదోని స్టేషన్లో నిలబడి చూస్తే ఒక పక్క పట్టా గుంతకల్లు మీదుగా మద్రాసుకు పోతుంది, ఇంకో పక్క రాయచూరు, వాడి, షోలాపూర్, పూనా దాటి బొంబాయికి పోతుంది. ఆ మంటలో పత్తికట్టె కొంచెం ఎగదొయ్యి అబ్బీ, పొగ తగ్గుతుంది. మీరు అడిగిన ఇటలీ బండ్ల ముచ్చటకు మొదలు ఆ పట్టానే. అది లేకుంటే ఇటలీ వాళ్ళ పనితనం ఈ నల్లరేగడి సీమకు అంత తొందరగా వచ్చేది కాదు. ఫియట్ కారు చేసే ప్రీమియర్ వాళ్ళ ఫ్యాక్టరీ బొంబాయిలో కుర్లా దగ్గర. లాంబ్రెట్టా స్కూటరు చేసే ఏపీఐ వాళ్ళది ఆ ఊర్లోనే భాండుప్‌లో. వెస్పా చేసే బజాజ్ వాళ్ళది పూనా పక్కన ఆకుర్డిలో. మూడూ ఆ లైను పక్కనే ఉండె. పటంలో ఇటలీ యాడుందో వేలుపెట్టి చూపించలేని కాలంలోనే మేము ఇటలీ బండ్ల నట్లు విప్పేది నేర్చుకుంటిమి.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం ఇంట్లో. అప్పుడు ఆదోని తాలూకా అంతా బళ్ళారి జిల్లా కింద ఉండె. 1953లో ఆంధ్ర రాష్ట్రం అయినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చె. అందుకే మా ఇంట్లో సగం మాట కన్నడం, సగం తెలుగు. ఆదోని బజారుకు పోతే ఉర్దూ. దానికి ముందు ఏడే, 1952లో, రాయలసీమంతా కరువు. గంజి కేంద్రాల దగ్గర జనం చెంబులు పట్టుకొని నిలబడిండిరి. నేత నేసేటోళ్ళ బాధ ఇంకో తీరు. నూలు దొరికితే గుడ్డ అమ్ముడుపోదు, గుడ్డ అడిగేటోడు ఉన్నప్పుడు నూలు దొరకదు.

మా నాయనను నిలబెట్టింది సంఘం. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం అది. నూలు సంఘమే ఇచ్చె, నేసింది సంఘమే తీసుకొనె. షావుకారు అప్పు కింద నలిగిన మగ్గాలు మళ్ళా ఆడె. సోమప్ప గారికి గవర్నమెంటు పద్మశ్రీ ఇచ్చినప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ తమకే ఇచ్చినట్ల మురిసిపోయిరి. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్ళు, పరదా గుడ్డలు అంటే దూరదేశాల్లో కూడా అడిగేటోళ్ళు ఉండిరి. పట్టుచీర మాదిరి పెండ్లికి ఒకసారి కట్టి పెట్టెలో పెట్టే సరుకు అది కాదు. దినామూ పరుచుకొనేది, కప్పుకొనేది, ఉతికేది, కిటికీకి కట్టేది.

మా నాయన గుంట మగ్గం మీద దుప్పటి నేసేటప్పుడు నేను పక్కన కండెలు చుట్టిస్తా కూచుంటి. పేకలో రంగు మార్చేచోట ఆయన చెయ్యి నిలిచేది. ఎరుపు గీత పక్కన నలుపు గీత, దాని పక్కన సన్నగా పసుపు. ఆ పసుపు ఒక్క పోగు ఎక్కువైనా విప్పి మళ్ళా నేసె. "నాయనా, రాత్రి దీపం ఆర్పినాక కప్పుకొనేటోనికి ఈ ఒక్క పోగు కనపడుతుందా?" అంటి. "పొద్దున లేచి మడత పెడతాడు కదరా, అప్పుడు కనపడుతుంది" అనె. దినామూ వాడే వస్తువుకు అంత శ్రద్ధ ఎందుకు పెట్టాలనే దానికి నేను విన్న జవాబు అదే. ఆ తర్వాత నేను రేకు పనిలోకి పోయినా, ఆ మాట పట్టుకొనే ప్రతి బండినీ చూస్తి.

నేను స్కూటరును దగ్గరగా చూసింది నీలకంఠేశ్వరుని జాతరలో. ఇట్లాంటి పుష్యమాసం చలిలోనే కదా మన జాతర. ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో ఉత్తరీయంతో బండి మీద వచ్చి దిగె. అప్పటికి మేము చూసింది మోటారుసైకిళ్ళే. వాటిమీద వచ్చినోని పంచెకు మడమల దాకా నూనె మరకలు ఉంటాయి, చైను గుడ్డను లాగుతుంది, కాలు దాని మీదుగా ఎత్తివెయ్యాల. ఈయన కుర్చీలోంచి లేచినట్ల లేచె. పంచె మీద మచ్చ లేదు. జనం రథం వదిలిపెట్టి ఆ బండి చుట్టూ మూగిరి. నేను వంగి చూస్తి. ఇంజిను యాడా కనపడదు, చైనూ లేదు. ఆ గుండ్రటి పక్కల మీద జాతర దీపాలన్నీ సన్నగా సాగి మెరుస్తా ఉండె. ఆ రేకును అట్ల వంచింది ఎవరు? ఎట్ల వంచిరి? ఆ పొద్దు నా మనసంతా అదే.

ఎవరో, ఎట్లనో తెలుసుకొనేటప్పటికి నాకు నడివయసు వచ్చె. తెలిసినాక చెప్తా ఉండా, వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఓడిపోయె. పొంటెదేరా అనే ఊర్లో పియాజియో అని విమానాలు చేసే కంపెనీ. బాంబులు పడి ఆ ఫ్యాక్టరీ నేలమట్టమైపోయె. యుద్ధం అయినాక ఇటలీ వాళ్ళు విమానాలు చెయ్యకూడదని కట్టడి. పనోళ్ళు ఉన్నారు, పని తెలుసు, చెయ్యడానికి పని లేదు. రోడ్లన్నీ గుంతలు. జనం దగ్గర కారు కొనే దుడ్లు లేవు. అప్పుడు ఎన్రికో పియాజియో అనే యజమాని, కొర్రదీనో దాస్కానియో అనే ఇంజినీరును పిలిపించె. ఆ దాస్కానియో విమానాలు, హెలికాప్టర్ల మనిషి. 1930లోనే హెలికాప్టరు చేసి ఎగరేసినోడు. మోటారుసైకిలంటే ఆయనకు గిట్టదు. చైను మురికి, పంక్చరైతే చక్రం ఊడదియ్యను రాదు, ఎక్కేదానికి అవస్థ. మోటారుసైకిలులో తనకు నచ్చనివన్నీ ఒక్కొక్కటే తీసేసుకుంటా పోయి బండి గీసె. 1946లో వెస్పా బయటికి వచ్చె. 98 సీసీ ఇంజిను. పదేండ్లలో, అంటే 1956కు, పది లక్షల బండ్లు చేసిరి.

ఆడవాళ్ళ గౌన్లు పాడుకాకుండా ఎక్కేటట్ల ఉండాలని ఆయన ఆలోచన. మన పత్తి వ్యాపారి పంచె, మీ అవ్వ చీర ఆయన ఎప్పుడూ చూసిండడు. అయినా వాటికి సరిపోయె. మనిషి ఒంటి మీద బట్టను గౌరవించి చేసిన వస్తువు ఏ దేశంలో అయినా సరిపోతుంది. ఈ మాట నేను నేతగాని కొడుకుగా చెప్తా ఉండా.

ఇంక ఆదోని పని సంగతి. మగ్గం మీద ఇద్దరన్నలు ఉండిరి, మూడోవానికి చోటు లేదు. మా నాయన నన్ను ఆదోనికి పంపించె. రైల్వేగేటు అవతల రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు. మా ఉస్తాద్ అంతకుముందు జిన్నింగు మిల్లుల్లో ఇంజిన్లు బాగుచేసినోడు. ఆదోని అంటే మీకు తెలుసు కదా, పత్తి, నూనె మిల్లులు, బేళ్ళు. మిల్లు ఇంజిన్లు తెలిసిన చేతికి స్కూటరు ఇంజిను ఎంత? కానీ ఆయన అట్ల అనుకోలేదు. కొత్త బండి వచ్చిందంటే పానాలు పక్కన పెట్టి, మొదట చుట్టూ నిదానంగా తిరిగి చూసె. చేత్తో తడిమె. "పహలే దేఖో" అని మమ్మల్నీ తిప్పె. చూడనోడు విప్పకూడదు. అది ఆయన షరతు.

నాకు మొట్టమొదట నేర్పింది ముందు చక్రం. మోటారుసైకిలు ముందు చక్రం రెండు కొమ్ముల నడుమ ఉంటుంది. ఇరుసు గుంజితే తప్ప ఊడదు. వెస్పా చక్రానికి ఒక్క పక్కనే చెయ్యి. విమానం కాళ్ళకు చక్రం ఎట్ల బిగిస్తారో అట్లనే దాస్కానియో బిగించె. అంటే రెండో పక్క ఖాళీ. నట్లు నాలుగు తిప్పులు వదులు చేసి, బండిని కొంచెం ఒరగబెట్టి, నట్లు పూర్తిగా తీసి చక్రాన్ని చేతిలోకి తీసుకోవడమే. ముందు చక్రం, వెనక చక్రం ఒకటే కొలత. స్టెప్నీ ఏ పక్కకైనా పనికొస్తుంది. చక్రం కూడా రెండు సగాలు. బోల్టులు విప్పితే రెండుగా విడిపోయి ట్యూబు చేతికి వస్తుంది. టైరు పీకను కడ్డీలు అక్కర్లేదు. సిరుగుప్ప రోడ్డు మీద, ఎర్రటెండలో, చెట్టు కూడా లేనిచోట పంక్చరైనా పంచె మడిచి కట్టుకొన్నోడు సొంతంగా చక్రం మార్చుకొని పోయె. మా షెడ్డుకు పంక్చరు గిరాకీ తగ్గె. అయినా ఉస్తాద్ ఆ చక్రం గురించి చెప్పేటప్పుడు సంతోషంగానే చెప్పె.

ఇంకొకటి, దాని ఒళ్ళు. లోపల వెన్నెముక మాదిరి గొట్టాల చట్రం ఏమీ లేదు. పల్చటి ఉక్కు రేకే, వంపులు తిరిగి, అంచులు మడిచి, అతికించి బరువు మోసేది. మోదుగాకు పల్చనే కదా, మడిచి పుల్ల గుచ్చితే దొప్ప అయి పులుసు నిలుపుతుంది. అదే కిటుకు. ఆ అందమైన వంపు పైన అతికించిన సోకు అనుకోవద్దు మీరు. వంపు తీసేస్తే బండి నిలబడదు. అందం, బలం ఒకటే గీతలో పెట్టిరి వాళ్ళు. ఇది అర్థమైన పొద్దు నాకు మా నాయన దుప్పటి అంచు గుర్తొచ్చె. అంచు గట్టిగా ఉండాలనే రెండు పోగులు కలిపి నేస్తారు, ఆ గట్టితనమే అంచుకు రూపు.

లాంబ్రెట్టా తీరు వేరు. మిలాను ఊరి పక్క లాంబ్రాటెలో ఫెర్డినాండో ఇన్నోచెంటి అని ఉక్కు గొట్టాలు చేసే ఆసామి. ఆయన ఫ్యాక్టరీ కూడా బాంబుల్లో పోయె. తనకు తెలిసింది గొట్టం, అందుకే గొట్టంతోనే బండి చేసె. 1947లో వచ్చిన మొదటి లాంబ్రెట్టాకు పైన కప్పు కూడా లేదు, ఎముకలు ఎముకలుగా ఇంజిను కనపడతా ఉండె. తర్వాత తర్వాత పక్క రేకులు తొడిగిరి. ఇంజిను నడిమధ్యలో, వెస్పాకేమో కుడిపక్కన. 1950ల్లోనే ఏపీఐ వాళ్ళు బొంబాయిలో లాంబ్రెట్టాలు బిగించను మొదలుపెట్టిరి. బజాజ్ వాళ్ళు 1948 నుంచి వెస్పాలు తెప్పించి అమ్మి, 1960 దాటినాక ఆకుర్డిలో చెయ్యను మొదలుపెట్టిరి. మన సీమలో మొదట ఎక్కువ కనపడింది లాంబ్రెట్టానే. పక్క రేకు లీవరు తిప్పితే ఊడి చేతికొస్తుంది. లోపల ఇంజిను మొత్తం ఎదురుగా. మెకానిక్కుకు అది పండగ.

అవి రెండూ నూనె కలిపిన పెట్రోలు తాగే బండ్లు. బంకులో కొలత డబ్బాతో నూనె పోసి కలిపి ఇచ్చిరి. నూనె ఎక్కువైతే ప్లగ్గు మీద కార్బన్ పట్టె. అందుకే ప్రతోని దగ్గర ఒక ప్లగ్గు పానా, ఉప్పుకాగితం ముక్క ఉండె. పొద్దున బండి స్టార్టు కాకుంటే దాన్ని పక్కకు ఒరగబెట్టి మళ్ళా నిలబెట్టి కిక్కు కొట్టడం మీరు సినిమాల్లో చూసింటారు. అది తమాషాకు చేసింది కాదప్పా, పెట్రోలు కార్బురేటరుకు అందను చేసింది.

మనోళ్ళు ఆ బండిని ఎట్ల వాడుకొనిరో దాస్కానియో వచ్చి చూసింటే ఎంత సంతోషపడిండునో! ఇటలీలో కాళ్ళు పెట్టుకొనే ఆ చదును జాగా ఈడ సగం సంసారం మోసె. పత్తి శాంపిలు మూట, శనగనూనె డబ్బా, యార్డుకు పోయే తక్కెడ, తర్వాత కాలంలో గ్యాసు సిలిండరు. అన్నిటికంటె ముఖ్యంగా, చిన్నపిల్లోడు. హ్యాండిలు పట్టుకొని ముందర నిలబడిన పిల్లోడు, నడిపే నాయన, వెనక ఒక పక్కకు తిరిగి కూచున్న అమ్మ, ఆమె ఒళ్ళో ఇంకొకరు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి దర్శనానికి గురువారం పొద్దున రోడ్డు మీద నిలబడితే ఇట్ల కుటుంబాలు కుటుంబాలే పోతా ఉండె. ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా పక్కన కడ్డీ గార్డు, కాలు పెట్టుకోను చిన్న మెట్టు మన దేశంలో కలిపినవి. మా షెడ్డులో నేను బిగించిన కాలిమెట్లకు లెక్కలేదు. ప్రతి ఒక్కదానికీ ఆ ఇంటామెను రమ్మని, కూచోబెట్టి, కాలు యాడికి ఆనుతుందో చూసి గుర్తు పెట్టి బిగిస్తి. మొగోని కాలు కొలతతో ఆడదానికి మెట్టు బిగించేటోళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు కోపమే.

సోకుల సంగతి కూడా చెప్పాల. కొత్త బండి వచ్చిన మర్నాడే రెగ్జిన్ సీటు కవరు, హ్యాండిలుకు కుచ్చులు, అద్దం చుట్టూ మెరుపు కడ్డీలు. ముందు రేకు మీద పెయింటరు ఇంటిదేవుని పేరు రాసె: రణమండల ఆంజనేయుడు, లక్ష్మమ్మ అవ్వ, నీలకంఠేశ్వరుడు. ఆ పేర్లు రాసే చేతుల్లో గొప్ప చేతులు ఉండె. వంపు తిరిగే చోట అక్షరాన్ని కూడా ఆ వంపుతో తిప్పినోళ్ళు ఉండిరి. అట్ల రాసింది నాకు ఇష్టం. కడ్డీలు మాత్రం ఇష్టం లేదు. బండి చుట్టూ పంజరం కట్టి, ఆ గీతను మూసేస్తే ఇంకేం మిగిలె? గిరాకీ అడిగితే బిగిస్తి గానీ, ముందు ఒక్క మాట చెప్పే బిగిస్తి. సీటు మీద ఎండ కాక తగలకుండా పరిచేది మాత్రం ఎమ్మిగనూరు తువ్వాలే. ఎర్ర గీతల తువ్వాల ఆకుపచ్చ లాంబ్రెట్టా మీద పరిచింటే, ఆ రెండింటినీ ఒకరే అనుకొని చేసినట్ల ఉండె.

ఫియట్ గురించి ఎక్కువ చెప్పను, అది మా షెడ్డు పని కాదు. పెద్ద వ్యాపారులు, డాక్టర్లు ఫియట్ కొనిరి; ఆఫీసర్లకు అంబాసిడరు. మొదట వచ్చిన ఫియట్ 1100కు ముందు తలుపు కీళ్ళు వెనక పక్క ఉండె. తలుపు తీస్తే లోపలికి రమ్మని పిలిచినట్ల తెరుచుకొనె. గేరు స్టీరింగు పక్కన. దాంతే జకోజా అనే ఇంజినీరు చేతి పని అది. ఇటలీలో చిన్న ఫియట్లు చేసి మామూలు కుటుంబాలను కారెక్కించింది ఆయనే. 1970ల్లో ఆ 1100 బండికే మనోళ్ళు ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టిరి. ఆ తర్వాత ఏండ్ల తరబడి వచ్చె.

స్కూటరు కొనేది ఎంత కష్టమో మీకు చెప్పినా నమ్మరు. బుక్ చేస్తే ఏండ్లు పట్టె. పిల్లకు పెండ్లి కుదిరినప్పుడు అల్లునికని బుక్ చేస్తే, మనవడు పుట్టినాక బండి వచ్చిన ఇండ్లు ఉన్నాయి. బయటి దేశం దుడ్లు కట్టినోళ్ళకు తొందరగా ఇచ్చిరి. కోటాలో వచ్చిన బండిని వెంటనే ఎక్కువ ధరకు మార్చుకున్నోళ్ళూ ఉండిరి. ఒక అమ్మకందారు దగ్గర నా పేరు వెనక్కి నెట్టి ఇంకొకరికి ఇచ్చిన బాధ నాకూ తెలుసు. 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి అనే హైబ్రిడ్ పత్తి వచ్చె. పొడుగు పింజ, మంచి ధర. ఆ పత్తి పండించిన రైతులు మొదట ఇంటికి గచ్చు వేయించిరి, తర్వాత స్కూటరుకు దుడ్లు కట్టిరి. అంతకుముందు షావుకార్లు, ప్లీడర్ల చేతిలో చూసిన బండి అప్పుడు పల్లెలకు పోయె. నా బతుకులో ఎక్కువ సంతోషంగా పని చేసింది ఆ కాలంలోనే.

ఆ 1972లోనే ఇంకొకటి జరిగె. ఇటలీలో జనానికి కార్లు వచ్చె, స్కూటర్లు తగ్గె. ఇన్నోచెంటి వాళ్ళు అప్పటికే లాంబ్రెట్టా నిలిపేసిండిరి. మన గవర్నమెంటు ఆ యంత్రాలన్నీ కొని ఓడలో తెప్పించి లక్నోలో పెట్టె. స్కూటర్స్ ఇండియా అని. 1975 నుంచి విజయ్ సూపర్ వచ్చె. ఇటలీ వాళ్ళు చివరగా చేసిన లాంబ్రెట్టా అది. తురీను ఊరి బెర్తోనె వాళ్ళు కార్లకు రూపు దిద్దినట్లనే దానికీ దిద్దిరి. సన్నగా, సాపుగా, ముందుకు దూకుతా ఉన్నట్ల ఉండె. మన హైదరాబాదులోనూ ఆ బండే ఆల్విన్ పుష్పక్ అని వచ్చె. మిలానులో మూతపడిన పని లక్నోలో ఇంకా ఇరవై ఏండ్లు నడిచె. ఆ యంత్రాల మీద చివరి లాంబ్రెట్టాలు చేసింది ఇటలీ చేతులు కాదప్పా, మన చేతులు. పూనా వాళ్ళకేమో 1971లో ఇటలీతో ఒప్పందం అయిపోయె. మరుసటి ఏడు చేతక్ అని పేరు పెట్టి చెయ్యను మొదలుపెట్టిరి. ఒళ్ళంతా వెస్పానే.

మా తమ్ముని కొడుకు అహమదాబాదులో డిజైను బడిలో చదివె. సెలవులకు వచ్చినప్పుడు బొమ్మల పుస్తకం తెచ్చె. ఆ పుస్తకంలోనే ఇదంతా నాకు తెలిసింది. వాడు చదివి చెప్తా ఉంటే నేను బొమ్మలు చూస్తి. యుద్ధం అయినాక ఇటలీలో స్కూటర్లు మాత్రమే చెయ్యలేదప్పా, కుర్చీలు, దీపాలు, టైపుమిషన్లు, కుండలు, గిన్నెలు అన్నీ కొత్తగా ఆలోచించిరి. జియో పోంటి అనే ఆయన 1957లో ఒక కుర్చీ చేసె. యాష్ అనే చెట్టు కట్టె, పేము అల్లిక. బరువు కిలో ఏడువందల గ్రాములు! చిన్నపిల్లోడు ఒక్క వేలితో ఎత్తొచ్చు. కొత్తగా పుట్టించింది కాదు అది. సముద్రం పక్క కియావరి అనే ఊర్లో వడ్రంగులు ఎప్పటినుంచో చేసే కుర్చీని ఏండ్ల తరబడి సన్నం చేస్తా, సన్నం చేస్తా పోయె. ఊరి వడ్రంగి పనిని తక్కువగా చూడకుండా దాని మీదనే కట్టుకుంటా పోయినందుకు నాకు ఆ మనిషంటే గౌరవం. కాస్తిల్యోని అన్నదమ్ములు ట్రాక్టరు సీటు ఊడదీసి, ఒక్క కమ్మీ మీద బిగించి ఇంట్లో కూచునే పీట చేసిరి. ఆ బొమ్మ చూసినప్పుడు మా షెడ్డులో అందరూ గుర్తుపట్టిరి: "ఇది ట్రాక్టరు సీటే కదా!" అవును, ట్రాక్టరు సీటే. కూచునే మనిషి కోసం ఆ వంపు ఎప్పుడో ఎవరో మంచిగా ఆలోచించి పెట్టిరి, వీళ్ళు దాన్ని గుర్తుపట్టిరి.

ఇంకొక పేరు చెప్తా, గుర్తు పెట్టుకోండి: ఎత్తోరె సొట్సాస్. ఒలివెట్టి కంపెనీకి ఎర్రటి చిన్న టైపుమిషను, వాలెంటైన్ అని, 1969లో చేసింది ఆయనే. అంతకుముందు 1961లో భార్యతో మన దేశానికి వచ్చిండె. తిరిగిపోయినాక జబ్బుపడి చావు దాకా పోయి బతికె. ఆ తర్వాత మట్టి పలకలు, పళ్ళాలు వరస చేసి దానికి శివునికి సమర్పణ అని పేరు పెట్టె. వట్టి గుండ్రాలు, గీతలు, చుక్కలు, ఘాటు రంగులు. ఆ బొమ్మలు చూసి మీ అవ్వ అనింది: "ఇవి మన సంఘం పరదా గుడ్డ మీద పెడితే బాగుంటాయి" అని. మీ అవ్వది నేతింటి కన్ను. ఆమె చెప్పింది వట్టి మాట కాదు. 1956 నుంచి గవర్నమెంటు వీవర్స్ సర్వీస్ సెంటర్లు పెట్టి చిత్రకారులను నేతగాళ్ళ దగ్గర కూచోబెట్టింది దానికోసమే కదా. ఇటలీ వాళ్ళు మన గీతలు చూసి నేర్చుకొనిరి, మనం వాళ్ళ రేకు విప్పి నేర్చుకుంటిమి.

మనకూ వాళ్ళకూ తేడా ఒక్కచోట వచ్చె, అది చెప్పకుంటే నాకు తెల్లవార్లూ నిద్ర పట్టదు. వాళ్ళు చేసినోని పేరు రాసి పెట్టిరి. మిలానులో 1954లోనే మంచి డిజైనుకు బంగారు కంపాసు అని బహుమానం పెట్టి, కుర్చీ చేసినోన్ని, దీపం చేసినోన్ని సభలో నిలబెట్టిరి. ఎమ్మిగనూరులో ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన సన్న పసుపు పెట్టిన నా తండ్రి పేరు ఏ దుప్పటి మీదా లేదు. ఆ వీధిలో అట్లాంటి చేతులు వందలుగా ఉండె. మరమగ్గాలు వచ్చి అవే గీతలు సగం ధరకు కొట్టి అమ్మితే, ఈ గీత ఫలానావాళ్ళదని చెప్పను కాగితం ముక్క కూడా లేకపాయె. సంఘం సన్నబడె, మగ్గాలు గుంటల్లోనే నిలిచిపోయె, పిల్లోళ్ళు బెంగుళూరు, గుంతకల్లు పట్టిరి. మీరు చదువుకొన్నోళ్ళు. ఇప్పటికైనా ఏ వీధిలో ఏ అంచు ఎవరు నేసిరో ముసలోళ్ళను అడిగి రాసిపెట్టండి. ఇంకా కొందరు ఉన్నారు. నేను పేర్లు చెప్తా, రేపే మొదలుపెట్టొచ్చు.

బజాజ్ వాళ్ళు 2009లో స్కూటర్లు నిలిపేసిరి. మళ్ళా 2012లో వెస్పా బారామతిలో పుట్టె, 2020లో చేతక్ కరెంటు బండిగా వచ్చె. ముందు రేకు వంపు చూస్తే చుట్టరికం తెలుస్తుంది. పాత విజయ్ సూపర్లను వెతుక్కుంటా ఊర్లకు ఊర్లే తిరిగి కొనేటోళ్ళు వస్తా ఉన్నారు. రంగు గీకి, అసలు రేకు ఉందా, పుట్టీ నింపిరా అని చూస్తారు. అట్ల చూసేటోళ్ళంటే నాకు సంతోషమే.

ఏమంటివి? వెస్పా, లాంబ్రెట్టా రెండిట్లో ఏది మంచి బండి అనా? ఈ పంచాయితీ మా షెడ్డులో నలభై ఏండ్లు తెగలేదు. ఉస్తాద్ వెస్పా పక్క. ఆ ఒంటిరేకు పని ముందర ఏదీ నిలవదనె. నన్నడిగితే లాంబ్రెట్టానే. ఇంజిను నడుమ ఉంటుంది, బరువు రెండు పక్కలా సమం, వానకు నల్లరేగడి జారేటప్పుడు పడదొయ్యదు. పొడుగుగా ఉంటుంది, ఇద్దరు పెద్దోళ్ళు ఇరుకు లేకుండా కూచోవచ్చు. మరమ్మతుకు రేకు తీస్తే అంతా చేతికి అందుతుంది. వెస్పా కుడిపక్కకు గుంజుతుంది, కొత్తోనికి అలవాటు కావాల. కానీ పంక్చరైతే మాత్రం వెస్పానే. మంత్రాలయానికి మీ అవ్వను ఎక్కించుకొని పోవాలంటే ఏ బండి అని ఆమెనే అడగండి, లోపల ఉంది. ఆమె చెప్పేది వేరే ఉంటుంది.